దుమ్ము మిషను కొన్న ఏడాది

మా వీధి మొత్తానికి ఫ్రిజ్ ఉన్న ఇల్లు ఒక్కటే. టీవీలు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఆ రోజుల్లో, రెండు గదుల పెంకుటింట్లో అద్దెకుండే మేము ఇల్లు ఊడ్చే కరెంటు మిషను కొన్నాం. వీధంతా ముక్కున వేలేసుకుంది. "సీపురు పట్టుకోడానికి ఒళ్లు బరువేటి దానికి?" అని నా వెనక అనుకున్నవాళ్లున్నారు. ముందు అనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు, నా నోటి సంగతి వాళ్లకు బాగా తెలుసు. ఆ మిషను మేం షోకుకి కొనలేదు. మా ఆయన దగ్గుకి కొన్నాం.

ఆయన్ని నేను మావా అని పిలిచేదాన్ని. మా అమ్మకి సొంత తమ్ముడు. ఆనందపురం అవతల పల్లె మాది, వరి, చోడి పండించుకునే కుటుంబాలు. డెబ్బైల మొదట్లో మావకి విశాఖపట్నం రేవులో ఉద్యోగం దొరికింది. వెంటనే నన్నిచ్చి పెళ్లి చేసి, కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన కాపురం పెట్టించారు. కంపెనీ పేరు చెప్పను, చెప్పినా ఇప్పుడది లేదు. ఓడలకి ఇనుప రాయి ఎక్కించే కంపెనీ. గూడ్సు బళ్లలో వచ్చిన రాయి పెద్ద పెద్ద రబ్బరు బెల్టుల మీద ఎక్కి, ఒక బెల్టు మీంచి ఇంకో దాని మీదకి పడుతూ చివరికి ఓడ కడుపులోకి జారుతుంది. ఆ పడే చోట నిలబడి, పక్కకి ఒలికిన పొడిని పారతో మళ్లీ బెల్టు మీదకి ఎత్తడం, బెల్టు పక్కకి జరగకుండా చూసుకోవడం మావ పని. ముక్కుకి తడి తువ్వాలు చుట్టుకుని చేసేవారట అందరూ. "నీళ్లు జల్లుతారే, దుమ్మే లేవదు" అనేవాడు. నేనెప్పుడూ అక్కడికి వెళ్లలేదు. బెల్టుల వైపు ఆడవాళ్లని రానివ్వరు.

డ్యూటీ నుంచి వచ్చాక మావ వీధి గుమ్మంలోంచి వచ్చేవాడు కాదు. నేను పెట్టిన రూలు అది. పక్క సందులోంచి పెరట్లోకి వెళ్లి, బట్టలు అక్కడే విప్పి, అక్కడే నీళ్లు పోసుకోవాలి. ఆ బట్టలకి వేరే బకెట్టు, వేరే దండెం. చెప్పులు కూడా లోపలికి రానిచ్చేదాన్ని కాదు. నూతి చప్టా ఎర్రగా పారేది. ఆ ఎర్ర నీళ్లు కాలవలో కలిసేదాకా నేను బకెట్లతో కొట్టి కడిగేదాన్ని. రేవు దుమ్ము నా గడప దాటలేదని ఈరోజుకీ గుండె మీద చెయ్యేసుకుని చెప్తాను. ఇందులో నా తప్పుందని ఎవరైనా అంటే ఊరుకోను.

దగ్గు ముందు పొద్దున పూట మొదలైంది. పళ్లు తోముకునేటప్పుడు కాసేపు దగ్గి, కాండ్రించి ఉమ్మితే తగ్గిపోయేది. చుట్ట తాగే అలవాటు లేదు, బీడీ లేదు. పల్లెలో తాతలు కూడా దగ్గుతారు కదా అనుకున్నాం. మిరియాల కషాయం, కరక్కాయ బుగ్గన పెట్టుకోవడం, అన్నీ అయ్యాయి. ఏడాది తిరిగేసరికి మెట్లెక్కితే ఆయాసం. మా అబ్బాయి సైకిలు వెనక కూర్చుని బజారుకెళ్లి వచ్చినా ఆయాసమే. తొక్కినవాడు బాగానే ఉన్నాడు, కూర్చున్నవాడు రొప్పుతున్నాడు. అప్పుడు భయమేసింది నాకు.

ద్వారకా నగర్‌లో, బస్సు కాంప్లెక్సు దగ్గరి సందులో ఒక ఛాతీ డాక్టరు కూర్చునేవాడు. అక్కడికి లాక్కెళ్లాను. లాక్కెళ్లాననే అనాలి, తనంతట తను వచ్చే రకం కాదు. తీరా మా వంతు వచ్చాక నన్ను లోపలికి రానివ్వలేదు. "నువ్విక్కడే కూకోయే. నువ్వొత్తే డాక్టర్ని మాటాడనివ్వవు" అన్నాడు. నలుగురి ముందు గొడవెందుకని బల్ల మీద కూర్చున్నాను. కాసేపటికి మందు చీటీ పట్టుకుని బయటికొచ్చాడు.

"ఏటన్నాడు?"

"ఏటీ నేదు. దుమ్ము పడదంట నాకు. ఇంట్లో దుమ్మంట, పరుపుల్లోనీ తలగడల్లోనీ ఉంటాదంట."

అరికాలి మంట నెత్తికెక్కింది. "నా ఇంట్లో దుమ్మేటి? ఎవడా డాక్టరు? ఒచ్చి సూడమను నా ఇల్లు! నేల మీద అన్నం పెట్టుకు తినొచ్చు!" అని అక్కడే అరిచాను. కాంపౌండరు తలుపు సందులోంచి తొంగి చూశాడు. మావ నవ్వుతూ నా జబ్బ పట్టుకుని మెట్లు దింపాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపు ఆగలేదు.

ఇంటికొచ్చి యుద్ధం మొదలుపెట్టాను. మా పెళ్లికి పుట్టింటివాళ్లిచ్చిన బూరుగు దూది పరుపు తీసి ఎవరికో ఇచ్చేశాను. అటక మీద పాత సామాన్లు, దేవుడి పటాల వెనక బూజు, ట్రంకు పెట్టెల కింద చెత్త, ఏదీ వదల్లేదు. ఎప్పుడు చూసినా తడిగుడ్డ చేతిలోనే. పోపు ఘాటుకి దగ్గొస్తుందని పోపు మానేశాను. ఇంట్లో నెలల తరబడి చప్పిడి పప్పు. మా అబ్బాయి కంచం ముందు మొహం ముడుచుకుంటే చెంప మీద ఒకటిచ్చాను కూడా. అప్పుడు గాజువాక వైపు స్టీలు ఫ్యాక్టరీ కడుతున్నారు. ఊళ్లో ఎక్కడ చూసినా మట్టి లారీలే. ఆ లారీలని తిట్టాను. పట్టాల మీద బొగ్గు బళ్లని తిట్టాను. పక్కింటావిడ వడ్లు చెరుగుతుంటే చాట లాగి పారేశాను. ఎంత తుడిచినా మావ దగ్గుతూనే ఉన్నాడు. ఆ దగ్గు విన్నప్పుడల్లా నా చేతకానితనాన్ని ఎవరో ఎత్తిచూపుతున్నట్టు ఉండేది.

అలాంటి రోజుల్లో వచ్చాడు ఆ టై కట్టుకున్న మనిషి. కృష్ణా జిల్లా యాస. చేతిలో పెద్ద అట్టపెట్టె, ఒళ్లంతా చెమట. "ఏమీ కొనక్కర్లేదండి, ఊరికే చూపించి వెళ్లిపోతానండి" అని ఇంటింటికీ తిరుగుతున్నాడు. వీధిలో ఎవరూ లోపలికి రానివ్వలేదు. నేను రమ్మన్నాను. మావకి ఆరోజు సెలవు, నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు.

పెట్టెలోంచి మిషను తీశాడు. గొట్టం, గొట్టం చివర బ్రష్షు, వెనక సంచి. స్విచ్చి వేస్తే విమానం దిగినట్టు చప్పుడు. వీధిలో పిల్లలంతా గుమ్మంలోకొచ్చి పడ్డారు. అతను గొట్టం మూతికి తెల్ల చేతిరుమాలు అడ్డం పెట్టి, నేల మీద ఒకసారి ఈడ్చి, ఆ రుమాలు మాకు చూపించాడు. దాని మీద దుమ్ము గుండ్రంగా అచ్చు పడుతుందన్న మాట. అది చూపించి ఇల్లాలిని సిగ్గుపడేలా చేసి అమ్మడం వాళ్ల ఎత్తు. నా నేల మీద తిప్పితే రుమాలుకి ఏమీ అంటలేదు. పాపం, అతని మొహం వాడిపోయింది. ట్రంకు పెట్టె వెనక కొంచెం బూడిదరంగు వచ్చింది. మంచం మీద నేను పడుకునే వైపు ఇంకొంచెం. మావ తలగడ మీద పెట్టి తీసేసరికి ఎర్రగా వచ్చింది. రూపాయి కాసంత, కుంకం పెట్టినట్టు.

"ఇదేటి మావా?" అన్నాను.

"కొండ మన్ను. గాలికొత్తాది" అన్నాడు, రుమాలు వైపు చూడకుండానే.

తలగడ గలీబులు వారం వారం సోడాలో ఉడకేసే మనిషిని నేను. గాలికొచ్చే మన్ను నా వైపు రాకుండా ఆయన వైపే ఎందుకొస్తుంది? ఆయన జుట్టులోంచి వచ్చిందని తేల్చుకున్నాను. "తల సరింగా రుద్దుకోవు నువ్వు" అని తిట్టి, మర్నాడు కుంకుడుకాయల పులుసుతో తల పీకి పెట్టినంత పని చేశాను. మావ తల వంచి రుద్దించుకున్నాడు.

ఆ మిషను మీద నాకు మనసు పడింది. అడగడానికి బెరుకు. అంతవరకూ నాకు కావాలని ఏదీ అడగలేదు. ఆశ్చర్యంగా మావే అన్నాడు. "బోనస్సొత్తాది గదా, కొందాం లే. గానీ నాలుగు సోట్ల సూసి కొనాల. మిషన్ల సంగతి నీకు తెల్దు." మిషన్ల సంగతి తనకి తెలుసని ఆయనకి గర్వం. నాకూ గర్వమే.

ద్వారకా నగర్‌లో మిక్సీలు, ఫ్యాన్లు అమ్మే పెద్ద షాపు ఒకటుంది. అక్కడ బొంబాయి నుంచి వచ్చిన వేరే రకం దొరుకుతుందని ఎవరో చెప్పారు. బాగా ముస్తాబై వెళ్లాం, సినిమాకెళ్లినట్టు. షాపాయన గుండ్రటి డ్రమ్ములాంటి మిషను బయటికి తీశాడు. చూడ్డానికి దిట్టంగా ఉంది. టై మనిషి తెచ్చిన దానికంటే చవక కూడా. ఆయన కొంచెం కాగితం ముక్కలు కింద పోసి లాగించి చూపించాడు.

"కాయితాలేటండి, నోటితో ఊదినా పోతాయి" అన్నాడు మావ. చొక్కా జేబులోంచి న్యూస్ పేపరు పొట్లం తీశాడు. విప్పి, షాపాయన కాలిపట్టా మీద కుమ్మరించాడు. ఎర్రటి పొడి. మెత్తగా, బరువుగా, కారప్పొడిలా ఉంది.

"ఇదేంటండీ బాబూ!" అని షాపాయన గెంతాడు.

"ఇనప రాయి పొడండి. మా బెల్టు కాడది. దీన్ని లాగిందంటే దేన్నైనా లాగుద్ది. ఎయ్యండి స్విచ్చి."

షాపాయన మొహం చూడాలి. తిడదామంటే గిరాకీ, ఊరుకుందామంటే కొత్త కాలిపట్టా. స్విచ్చి వేశాడు. గొట్టంలో గరగరమని ఇసుక పోసినట్టు చప్పుడు. పట్టా మీద ఎరుపు చాలావరకు పోయింది. నేను చప్పట్లు కొట్టినంత పని చేశాను. మావ మాత్రం పట్టా వైపు చూడటం లేదు. మోకాళ్ల మీద వంగి, మిషను వెనక గాలి వదిలే చోట కళ్లు పెట్టాడు. అక్కడ్నుంచి సన్నటి ఎర్ర పొగ వస్తోంది. వచ్చి, వెనక అరల్లో వరసగా పెట్టిన తెల్ల మిక్సీల మీద వాలుతోంది.

"సూసేవా" అన్నాడు మావ నాతో, మెల్లిగా. "పెద్ద గుండలన్నీ ఆపింది. సన్నంది ఆపలేదు. సన్నందే లోపలికెల్లేది. ఇది మనకొద్దు."

షాపాయన మిక్సీలు తుడుచుకుంటూ మమ్మల్ని నానా మాటలూ అన్నాడు. నేనూ ఊరుకోలేదు, "నీ మిషను పొగ కక్కితే మమ్మల్నంటావేటి" అని రెండంటించాను. బయటికొచ్చాక మావనడిగాను. "మనింట్లో ఇనప రాయెక్కడుంది మావా? నూకలు, జుట్టు, మసి. వాటికది సాలదా?"

"సాలదు" అన్నాడు. మనిషి ఏ వస్తువైనా తన పని అలవాటులోంచే చూస్తాడు కదా, ఇనుపరాయి దగ్గర పనిచేసేవాడు ఇనుపరాయితోనే పరీక్ష పెడతాడు అనుకున్నాను. మా వీధిలో ఆ షాపు కథ పది ఇళ్లలో చెప్పి నవ్వించాను కూడా.

టై మనిషి మళ్లీ వచ్చినప్పుడు అదే పరీక్ష మా ఇంట్లో జరిగింది. పెరట్లో, చప్టా మీద. అతని మిషనులో గుడ్డ సంచికి లోపల కాగితం సంచి ఒకటి ఎక్కువ ఉంది. మావ వెనక గాలి వచ్చే చోట తడి రుమాలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. రుమాలు తెల్లగానే ఉంది. "ఇది మంచిది" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో ఏదో ఉంది. నాకది సంతోషంలా వినిపించింది.

బోనస్ రాగానే కొన్నాం. సెలవు రోజుల్లో మావే నడిపేవాడు, నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. కరెంటు వోల్టేజీ తక్కువైతే మిషను మూలిగేది. అప్పుడు దాన్ని ఆపి, పక్కన కూర్చుని, కరెంటు బాగా వచ్చేదాకా చూసేవాడు. మంచం, కిటికీ, గోడ మూలలు, అన్నీ. నేను వెనకే నడుస్తూ "అక్కడ, ఇక్కడ" అని చూపించేదాన్ని. ఆ కొద్ది నెలలూ మా ఇద్దరికీ బాగుంది. ఆ మాట చెప్పకపోతే అబద్ధమవుతుంది.

సంచి నిండలేదు. నెలలు గడిచినా కాగితం సంచి అడుగున గుప్పెడు బూడిద, నాలుగు వెంట్రుకలు. ఇంట్లో దుమ్ము లేదు. నేనన్నది నిజం, డాక్టరు అన్నది తప్పు. గెలిచినందుకు ఎగిరి గంతెయ్యాలి కదా? వెయ్యలేకపోయాను. ఎందుకంటే దగ్గు పెరిగింది. మావ నడుస్తూ మాట్లాడలేకపోతున్నాడు. మాట్లాడాలంటే ఆగాలి. అబ్బాయి మార్కులు తక్కువొస్తే వాణ్ణి తిట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఊపిరందక, చేత్తో "పో" అన్నట్టు చూపించి ఊరుకునేవాడు. సంచి తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

"సూడు. నా ఇంట్లో దుమ్ము నేదు. మరి నీకు దగ్గెందుకు?"

ఈసారి వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఎంత వద్దన్నా వినకుండా నేనూ లోపలికి వెళ్లి కూర్చున్నాను. పెద్దాయన, మెల్లగా మాట్లాడేవాడు. ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు. వీపు మీద వేళ్లతో తట్టాడు. ఎక్స్‌రే తీయించి, ఆ ఫిల్ము వెలుతురుకెత్తి చాలాసేపు చూశాడు. అప్పుడడిగాడు.

"ఏం పని చేస్తారు మీరు?"

"గొడౌన్‌లో గుమాస్తానండి" అన్నాడు మా మావ.

నేను వింటున్నాను. నా మొగుడు, పదో తరగతి తప్పినవాడు, గుమాస్తానంటున్నాడు. డాక్టరు ముందు గొప్ప కోసం అంటున్నాడేమో అనుకుని నాకు నవ్వు కూడా వచ్చింది. "గుమాస్తా ఏటి?" అన్నాను. "బెల్టు కాడ పారెత్తుతాడండి. రేవులో. ఇనప రాయి."

డాక్టరు ఫిల్ము కింద పెట్టాడు. "ఎన్నాళ్లుగా?" అని నన్నడిగాడు, ఆయన్ని కాదు. నా పెళ్లైన దగ్గర్నుంచీ అని చెప్పాను, ముందు డాక్టరు ఇంట్లో దుమ్మన్నాడనీ చెప్పాను. మావ తల వంచుకున్నాడు.

"ఇది ఇంట్లో దుమ్ము కాదమ్మా" అన్నాడు డాక్టరు. "లోపలికి పోయింది ఇక బయటికి రాదు. మందుల్లేవు. ఇంకా పోకుండా చూసుకోవడం ఒక్కటే. రేపట్నుంచి ఆ పనికి వెళ్లకూడదు."

బస్సు కాంప్లెక్సుకి నడిచొచ్చాం. కంచరపాలెం బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు. బల్ల మీద కూర్చోబెట్టి అడిగాను.

"ముందు డాక్టరికీ ఇదే సెప్పినావా? గుమాస్తానని?"

"సెప్పినాను."

"అంటే నీకు తెలుసు. ఇన్నాళ్లూ నాను పిచ్చిదాన్లాగ గోడలు తుడుత్తన్నాను, నువ్వు సూత్తన్నావు. ఆ మిషను..."

"డాక్టరు రాసేత్తాడే" అన్నాడు. మాట మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. "అన్‌ఫిట్ అని రాసేత్తాడు. ఆ కాయితం ఆఫీసుకెల్తే నన్నింటికి పంపీత్తారు. ఉట్టి సేతుల్తో. అదే సర్వీసులో ఉండగా పోతే, ఇంట్లో ఒకలికి ఉజ్జోగమిత్తారు. బెల్టు కాడ అందరం అలగే ఉన్నాం. ఎవలూ సెప్పరు."

అవును, అది మా వాళ్లందరికీ తెలిసిన విషయమే. రేవు బస్తీల్లో ఎవరైనా డ్యూటీలో ఉండగా పోతే, ఏడ్చినవాళ్లే కాసేపటికి కళ్లు తుడుచుకుని "పోనీ, కుర్రోడికి ఉజ్జోగం వత్తాది" అనేవారు. నేనూ అన్నాను, వేరే వాళ్ల ఇళ్లలో. మనిషి బతికుండగానే దాని కోసం కాచుక్కూర్చుంటాడని మాత్రం నాకు తట్టలేదు. అదీ నా పక్కన పడుకునే మనిషి.

"మరి మిషనెందుకు కొన్నావు?"

"నువ్వూరుకోవు గదా" అన్నాడు. "నీ సేతుల్లో ఏదోటుండాల. నేకపోతే ఈ పాటికి నన్ను పది మంది డాక్టర్ల కాడికి ఈడుద్దువు. ఎప్పుడో తెలిసిపోను." ఆగి, దగ్గి, మళ్లీ అన్నాడు. "రెండు సంచులున్నది కొంటే, నా జుట్టులోంచి రాలిందైనా నీ రొమ్ములోకి, కుర్రోడి రొమ్ములోకి ఎల్లదు గదా. సన్నందే సెడ్డది."

ఆ బల్ల మీద కూర్చుని ఆయన్ని కొట్టాను. నిజంగానే, వీపు మీద, భుజం మీద, జనం చూస్తుండగా. కొట్టించుకున్నాడు. మర్నాడు కంపెనీ ఆఫీసుకెళ్లి అంతా చెప్పేస్తానన్నాను. అప్పుడు ఇంటికొచ్చి, కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన అబ్బాయిని పిలిచి, నా చెయ్యి పట్టుకుని వాడి నెత్తి మీద పెట్టాడు. "సెప్పనని ఒట్టెయ్యి." ఎందుకో ఏమిటో తెలియని మా అబ్బాయి మా ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు. చెయ్యి తీసెయ్యబోయాను, గట్టిగా పట్టుకున్నాడు. కొడుకు నెత్తి మీద వేసిన ఒట్టు తప్పే తల్లి మా వైపు పుట్టలేదు. ఒట్టేశాను. ఆ ఒట్టు ఎవడు కనిపెట్టాడో వాడి వంశం నాశనమైపోను.

ఆ తర్వాత కూడా మావ డ్యూటీకి వెళ్లాడు. బెల్టు దగ్గర తోటివాళ్లు ఆయన పారపని తాము చేసి, ఆయన్ని ఒక మూల కూర్చోబెట్టేవారు. అక్కడ దాన్ని మంచితనం అంటారు. నేను పొద్దున్నే క్యారేజీ కట్టి గుమ్మం దాకా వెళ్లి పంపేదాన్ని. ఏ మనిషినైనా చావుకి క్యారేజీ కట్టి పంపుతారా? నేను పంపాను, రోజూ. నవ్వుతూ మాట్లాడేదాన్ని కూడా. సాయంత్రం ఆయన పెరట్లోకి తిరిగొచ్చేదాకా పక్క సందు వైపే చూస్తూ కూర్చునేదాన్ని.

ఒక రోజు పొద్దుటి షిఫ్టుకి లేచి, చొక్కా ఒక చెయ్యి తొడుక్కుని, రెండో చెయ్యి తొడుక్కోడానికి ఊపిరి చాలక మంచం మీద కూర్చున్నాడు. నేను స్టవ్వు కట్టేసి వచ్చేసరికి అలాగే పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. సర్వీసులో ఉండగానే పోయాడు. అనుకున్నది సాధించాడు మా మావ.

దినాలు కాకముందే యూనియన్ మనుషులు వచ్చారు. మంచివాళ్లే, చావు ఖర్చులూ వాళ్లే చూశారు. కాగితాలన్నీ సిద్ధం చేశారు. అబ్బాయి ఇంటరు పాసయ్యాడు, వయసు సరిపోయింది, తండ్రి చోటులోనే వేస్తారు. బెల్టు దగ్గరే. మా అన్నదమ్ములు, ఆనందపురం నుంచి వచ్చిన చుట్టాలు అందరూ "పోనీలే, ఒక దారి సూపించి ఎల్లినాడు" అన్నారు. వాళ్ల నాన్న చివరిదాకా పనికెందుకెళ్లాడో తోటివాళ్లు చెప్పగా విని, మా అబ్బాయి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

ఆఫీసులో పెద్ద టేబులు వెనక కళ్లజోడు పెట్టుకున్న ఆఫీసరు. కాగితం మా అబ్బాయి వైపు జరిపాడు. నేను దాని మీద చెయ్యి పెట్టాను.

"ఇంట్లో ఒకరికి గదండి ఇచ్చేది? నాకియ్యండి."

ఆఫీసరు కళ్లజోడు తీశాడు. "ఆడవాళ్లకి బెల్టు దగ్గర పనుండదమ్మా. మీకైతే ఆఫీసు గదులు ఊడవడం, నీళ్లు పెట్టడం. జీతం బాగా తక్కువ. పైగా ఒక్కసారి తీసుకుంటే అయిపోయినట్టే. మీ అబ్బాయికి ఇంకెప్పటికీ రాదు."

"అందుకేనండి అడుగుతన్నాను" అన్నాను.

యూనియన్ మనిషి నన్ను పక్కకి పిలిచి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. మా అన్నయ్య "మతి పోనాదేటే నీకు" అని అందరి ముందూ అరిచాడు. నేను సంతకం పెట్టాను. పదో తరగతి చదువుకున్న సంతకం, బాగా గుండ్రంగా.

ఇంటికొచ్చాక మా అబ్బాయి నోరు విప్పాడు. "నాన్న దేనికోసం సచ్చిపోనాడో తెలుసా నీకు? నా కోసం. నా ఉజ్జోగం కోసం. దాన్ని నువ్వు లాక్కున్నావు. సీపురు పట్టుకుని ఊడుత్తావా? సిగ్గు లేదేటి?" అని అరిచాడు. అరిచి అరిచి వాడి మెడ నరాలు పొంగాయి. ఒక్క చోట కూడా ఆగలేదు, ఒక్కసారి కూడా రొప్పలేదు. నేను గుమ్మంలో కూర్చుని ఆ గొంతే వింటున్నాను.

"అరువు నాయినా" అన్నాను. "నీ ఇష్టమొచ్చినంత సేపు అరువు. మీ నాన్నకి ఆఖర్న నిన్ను తిట్టడానిక్కూడా ఊపిరందలేదు."

వాడు తలుపు దబాలున వేసి వీధిలోకి వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున్న నేను క్యారేజీ కట్టుకుని డ్యూటీలో చేరాను.